రైతుబీమా పైసలు పాలసీలో ఇరుక్కున్న కేసు

ఆమె నా దగ్గరికి వచ్చింది 590 రూపాయల కోసం.

2023 జులై. నర్సంపేట వైపు ఓ ఊళ్లో బ్యాంకు శాఖ వరండాలో మా ఆర్థిక అక్షరాస్యత కేంద్రం బల్ల వేసుకుని కూర్చున్నాను. పత్తి చేన్లలో కలుపులు నడుస్తున్న రోజులు. కూలోళ్లకు ఇవ్వడానికి డబ్బు తీద్దామని వచ్చి, పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకుంటే లెక్క తక్కువొచ్చింది.

"బ్యాంకోళ్లు నా పైసలు కోసిండ్రు సారు. ఎందుకు కోసిండ్రని అడుగుతె లోపట ఎవ్వలు చెప్తలేరు."

ఆమె పేరు, ఊరి పేరు, బ్యాంకు పేరు రాయను. నలభై అయిదేళ్లుంటాయి. రెండెకరాల పది గుంటల భూమి, మహిళా సంఘంలో సభ్యురాలు, సంతకం మాత్రం తెలుగులో పెడుతుంది.

పాస్‌బుక్ చూశాను. ఎవరో ఆమె ఖాతా నుంచి ఆటో డెబిట్ పెట్టారు, అంత బ్యాలెన్సు లేక అది తిరిగిపోయింది. తిరిగిపోయినందుకు ఛార్జీ 500, దాని మీద జీఎస్టీ 90. అంతవరకు మామూలే, రోజుకొకటి చూస్తుంటాం. కానీ తిరిగిపోయిన మొత్తం ఎంతని లోపలికి వెళ్లి కనుక్కుంటే రెండు లక్షలన్నారు. రెండెకరాల ఆసామి ఖాతా మీద రెండు లక్షల డెబిట్ ఏమిటి?

"చెల్లే, ఏదన్న పాలసీ కట్టినవా?"

"పాలసీ ఎందుకు కడుత సారు? పోయినేడు ఫిక్స్‌డ్ చేసిన. రెండు లక్షలు. ఈ బ్యాంకులనే."

సందుగలో ఉన్న కట్ట

మర్నాడు కాగితాలన్నీ తెమ్మన్నాను. సందుగలోంచి తీసుకొచ్చిన ప్లాస్టిక్ సంచిలో భర్త మరణ ధ్రువపత్రం, పట్టాదారు పాసుపుస్తకం, రైతుబీమా కాగితాలు, వాటి మధ్య పోస్టులో వచ్చిన ఒక లావు కవరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండు అదేననుకుని భద్రంగా దాచుకుంది. తీసి చూస్తే జీవిత బీమా పాలసీ. మొత్తం ఇంగ్లిషు. ఏడాదికి రెండు లక్షల చొప్పున ఏడేళ్లు ప్రీమియం కట్టాలి.

భర్త 2022 మార్చిలో గుండెపోటుతో పోయాడు. రైతుబీమా గురించి తెలంగాణలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 ఆగస్టు నుంచి 18–59 ఏళ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా నామినీ ఖాతాలో 5 లక్షలు పడుతున్నాయి. ప్రీమియం ప్రభుత్వమే ఎల్ఐసీకి కడుతుంది. ఈమెకూ పడ్డాయి. విత్తనాలు, పురుగుమందుల దుకాణం బాకీ, అడ్తి వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు మిత్తితో సహా తీర్చగా మూడు లక్షలకు దగ్గరగా మిగిలాయి. రెండు లక్షలు కదలకుండా ఉండాలని బ్యాంకుకు వెళ్లింది. కౌంటర్ దగ్గర ఒక పిల్ల కుర్చీ వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది, "ఫిక్స్‌డ్ కన్నా ఇది ఇంకా మంచిదమ్మా" అన్నది. "సంతకం పెట్టమన్నకాడల్లా పెట్టిన" అన్నది ఈమె.

బీమా డబ్బును బీమాయే మింగడం నా సర్వీసులో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఆ రోజుల నిబంధనల ప్రకారం ఇలాంటి పాలసీకి రెండేళ్ల ప్రీమియం పడితే గానీ సరెండర్ విలువ, అంటే మధ్యలో మానేస్తే తిరిగొచ్చే సొమ్ము, రాదు. (మొదటి ఏడాది ప్రీమియం తర్వాతే ఎంతో కొంత విలువ దక్కే నిబంధన 2024 అక్టోబరు నుంచి వచ్చింది.) అంటే ఆమె రెండో రెండు లక్షలు కట్టలేకపోతే మొదటి రెండు లక్షలూ పోయినట్టే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ముప్పై మూడేళ్లు బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి. మేనేజరుగా ఉన్నప్పుడు నేనూ పాలసీలు అమ్మించాను. 'లాగిన్ డే' అని ఒకటుంటుంది. ఆ రోజు సాయంత్రంలోగా శాఖకు ఇన్ని పాలసీలని పైనుంచి ఫోన్లు. మార్చి నెలైతే గంటకొక ఫోను. డిపాజిట్ తెస్తే మెచ్చుకునేవాడు లేడు, పాలసీ తెస్తే మీటింగులో చప్పట్లు. ఎందుకంటే డిపాజిట్‌కు బ్యాంకు వడ్డీ కట్టాలి, పాలసీకి బ్యాంకుకే కమీషన్ వస్తుంది. అందుకే కౌంటర్‌లో కూర్చున్న ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఆమెకు నేర్పింది మా తరమే.

రిజిస్టర్‌లో ఆమె సంతకం

ఆ రాత్రి ఇంటికొచ్చి పాత రిజిస్టర్లు తిరగేశాను. అనుమానం నిజమైంది. 2022 ఫిబ్రవరిలో, అంటే ఆమె భర్త పోవడానికి నెల ముందు, అదే ఊళ్లో నేను పెట్టిన క్యాంపులో ఆమె సంతకం ఉంది.

రిజర్వ్ బ్యాంకు ఏటా ఫిబ్రవరిలో ఆర్థిక అక్షరాస్యత వారం జరుపుతుంది. ఆ ఏడాది అంశం డిజిటల్ లావాదేవీలు, వాటి భద్రత. నేను గంటన్నర మాట్లాడాను. ఓటీపీ చెప్పొద్దన్నాను, తెలియని లింకు నొక్కొద్దన్నాను, మోసపోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయమన్నాను. గ్రామైక్య సంఘం వాళ్లు చప్పట్లు కొట్టారు, బ్యానర్ ముందు ఫొటో దిగాం, ఫొటో పైకి పంపాం. క్యాంపు అయిపోయినట్టు రుజువు ఆ ఫొటోనే.

చెప్పినవన్నీ ఆమెకు గుర్తున్నాయి. నాలుగు నెలల తర్వాత కౌంటర్ దగ్గర ఎవరికీ ఓటీపీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు. బయటి దొంగ గురించి నేను నేర్పిందంతా తు.చ. తప్పకుండా పాటించింది. బ్యాంకు లోపల అడగాల్సిన ప్రశ్నలు మాత్రం నేను నేర్పలేదు. నేర్పితే, నాకు బల్ల వేసుకోవడానికి చోటిచ్చిన మేనేజరు ముఖం చిట్లిస్తాడు మరి.

ఈ కేసు రాయడానికి కారణం ఇదే. బ్యాంకులు ఖర్చు పెట్టి చేసే ఆర్థిక విద్యలో తొంభై పాళ్లు 'దొంగలున్నారు జాగ్రత్త' అనేదే. అది అవసరం, కాదనను. 2014 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకే ఖాతాదారుల హక్కుల పత్రం ప్రకటించింది. అందులోని అయిదు హక్కుల్లో ఒకటి: ఖాతాదారుకు అంటగట్టే సరుకు అతని అవసరానికి, స్తోమతకు తగినదై ఉండాలి. ఇన్నేళ్లలో ఏ పల్లె క్యాంపులోనూ ఈ హక్కు గురించి ఒక్కరు మాట్లాడగా నేను వినలేదు. నేనూ మాట్లాడలేదు.

ఫిర్యాదు నడిచిన తీరు

పాలసీ వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేసే గడువు అప్పట్లో మామూలు పాలసీలకు బాండు అందిన 15 రోజులు. (2024 ఏప్రిల్ నుంచి 30 రోజులు చేశారు.) ఏడాది దాటిపోయింది కాబట్టి ఆ తలుపు మూసుకుపోయింది. తప్పుడు మాటలతో అంటగట్టారని రుజువు చేయడం ఒక్కటే దారి. 'ఆమె ఇలా అన్నది, నేనలా విన్నాను' అంటే రుజువు కాదు. రుజువు కాగితంలోనే దొరకాలి.

దొరికింది. బాండు వెనక ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తు, నకలు కుట్టి ఉంటుంది. జనం ఎవరూ చూడని పేజీలవి. చదువు దగ్గర డిగ్రీ అని ఉంది. వృత్తి వ్యాపారం. ఏడాది ఆదాయం 8 లక్షలు. ఫోన్ నంబర్ ఆమెది కాదు, ఈమెయిల్ ఎవరిదో. పాలసీ వివరాలు సరిగా విన్నారా అని కంపెనీ వాళ్లు చేసే నిర్ధారణ కాల్ ఆ నంబర్‌కే వెళ్లి ఉంటుంది, ఎవరో 'అవును, అవును' అని ఉంటారు. ఇంగ్లిషు రాని వాళ్లకు వివరాలు వాళ్ల భాషలో చదివి వినిపించామని ఒకరు సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

మేం జత చేసినవి నాలుగే. పట్టాదారు పాసుపుస్తకం, మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, ఆమె సొంత ఫోన్ నంబర్ ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డు కాగితం, ఆహార భద్రత కార్డు. చివరిదే బలమైనది. పల్లెల్లో ఏడాది ఆదాయం లక్షన్నర దాటితే ఆ కార్డు రాదు. కార్డు ప్రభుత్వం ఇచ్చింది, 8 లక్షలు ప్రపోజల్ ఫారం చెప్పింది. ఏది నిజం?

మొదట శాఖకు రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒక దాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ముద్ర వేయించుకోవడానికే రెండు రోజులు పట్టింది. 'అర్జీ ఇచ్చి పోండి, చూస్తాం' అన్నారు. ముద్ర లేకుండా కదలొద్దని ఆమెకు ముందే చెప్పి పెట్టాను, కదల్లేదు. అదే అర్జీని బీమా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. మూడు వారాలకు జవాబొచ్చింది: గడువు దాటింది కాబట్టి కుదరదు. ఆధారాలతో మళ్లీ రాశాం. నెల దాటినా ఉలుకూ పలుకూ లేదు.

అక్టోబరులో, బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి హైదరాబాద్ వెళ్లాం. కంపెనీకి ముందు రాసి ఉండాలి. వాళ్లు కాదన్నా, నెలలోపు జవాబివ్వకపోయినా అక్కడికి పోవచ్చు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడానికి వీల్లేదు. ఈ చివరి నిబంధన మంచిదే, కానీ మాకు ఒక చిక్కు తెచ్చింది. విచారణలో నేను మాట్లాడకూడదు, ఆమే మాట్లాడాలి.

"నాకేడ వస్తది సారు మాట్లాడ?"

అందుకని వాళ్లింటి వాకిట్లో రిహార్సల్ చేశాం. నులక మంచం మీద నేను కంపెనీ అధికారిని. ఆమె, పక్కన సంఘం లీడరు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే సారు."

"మరి చదవకుండా ఎందుకు పెట్టారు?"

మొదటిసారి తల దించుకుంది. తప్పు తనదేనన్నట్టు. రెండోసారి, "నాకు సదువు రాదు సారు" అని ఊరుకుంది. మూడోసారి సంఘం లీడరు మోచేత్తో పొడిచింది. ఆమె నా కళ్లలోకి చూసి, "మీరు సదివి చెప్పిండ్రా?" అన్నది.

నేను కాసేపు కంపెనీ అధికారిననే సంగతి మరిచిపోయాను.

ఆ విచారణ జరగలేదు. తేదీ ఇచ్చాక, దానికి పది రోజుల ముందు కంపెనీ వాళ్లే ఫోన్ చేసి, కట్టిన ప్రీమియం మొత్తం తిరిగిస్తాం, రాజీకి ఒప్పుకుంటారా అన్నారు. ఏడాదిన్నర మిత్తి గురించి అడిగితే కుదరదన్నారు. నేనైతే విచారణకు పోదామన్నాను. మిత్తి వదిలితే ఆ కంపెనీకి ఏ నష్టమూ లేదు, మన డబ్బును ఏడాదిన్నర వాడుకున్నట్టే కదా అని నా లెక్క. ఆమె లెక్క వేరు. "అసలు రానియ్యి సారు" అన్నది. డబ్బు ఆమెది, నిర్ణయమూ ఆమెదే. 2024 జనవరిలో రెండు లక్షలు ఖాతాలో పడ్డాయి. ఈసారి రసీదు చేతికి తీసుకుని, దాని మీద బ్యాంకు పేరుందా అని రెండుసార్లు చూపించుకుని ఫిక్స్‌డ్ చేసింది. 590 మాత్రం రాలేదు. దాని కోసం మరో అర్జీ రాస్తానంటే నవ్వింది.

ఆ ఫిబ్రవరిలో మేడారం జాతర. కొడుకెత్తు బంగారం (అక్కడ బెల్లాన్నే బంగారమంటారు) మొక్కుకుందట, తూకం వేయించి వచ్చింది. ప్రసాదం బెల్లం ఇవ్వడానికి వచ్చినప్పుడు ఒక మాటన్నది: "హైదరాబాదు సారు నన్ను అడగనే లేదు కద. అంత నేర్సుకుంటి." డబ్బు వచ్చిన సంతోషం కంటే ఆ ప్రశ్న అడగలేకపోయిన వెలితే ఎక్కువ కనబడింది.

క్యాంపులో మారినవి

గ్రామీణ శాఖలు నెలకో క్యాంపు, మూడో శుక్రవారం పని గంటల తర్వాత, పెట్టాలని నిబంధన. ఇప్పుడు నా క్యాంపుల్లో ఉపన్యాసం ఇరవై నిమిషాలే. మిగతాదంతా వాకిట్లో చేసిన ఆ రిహార్సలే. ఒకరు మేనేజరు, ఒకరు ఖాతాదారు. మేనేజరు కుర్చీలో ఆడవాళ్లను కూర్చోబెడితే వాళ్లకు తెలియని సంగతి ఉండదని తేలింది. వర్ధన్నపేట దగ్గర ఒకామె, క్రాప్ లోన్ రెన్యువల్‌కు వచ్చిన 'రైతు'తో, "లోన్ చేస్తం గని, గీ చిన్న పాలసీ కడితె జల్ది అయితది" అన్నది. ఎవరూ నేర్పలేదు. నలభై మంది గొల్లున నవ్వారు. ఆ నవ్వు చూసి పక్కనున్న అసలు మేనేజరు సెల్‌ఫోన్ చూసుకుంటూ బయటికి పోయాడు.

వాళ్లతో నాలుగు ప్రశ్నలు అనిపిస్తాను, వాళ్ల మాటల్లోనే. ఇది డిపాజిటా, పాలసీయా? మళ్లేడు కట్టాల్నా? నడుమ తీసుకుంటే ఎంతొస్తది? రసీదు మీద ఎవల పేరున్నది? మూడో ప్రశ్నకు కౌంటర్‌లో సూటిగా జవాబు రాకపోతే, ఆ రోజుకు ఇంటికి పోయి రేపు రమ్మంటాను. రేపటిదాకా ఆగలేని స్కీము ఏదీ మంచిది కాదని నా అనుభవం.

వేళ గురించి కూడా ఈ కేసే నేర్పింది. ఫిబ్రవరిలో చెప్పిన పాఠం జూన్‌లో కౌంటర్ దగ్గర పనికిరాదు. పెద్ద మొత్తం చేతికొచ్చే రోజులు పల్లెల్లో మాకు తెలియనివి కావు: వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి, మిర్చి అమ్మి తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతికొచ్చే కాలం, సంఘానికి బ్యాంకు లింకేజీ రుణం పడే వారం, రైతుబీమా జమయ్యే రోజు. రైతుబీమా కాగితాలు తయారు చేసేది వ్యవసాయ విస్తరణాధికారులు. మండలంలో వాళ్లను కలిసి ఒకటే అడిగాను: క్లెయిము పంపినప్పుడే ఆ ఇంటికి మా నంబరు ఇవ్వండి, డబ్బు పడ్డాక ఎక్కడా సంతకం పెట్టకముందు ఒక్క ఫోన్ చేయమనండి. పదోరోజు కూడా కాని ఇంట్లో పాఠం చెప్పేదేమీ ఉండదు. వాళ్లు చెప్పేది వింటాం, అంతే. మూడు నెలలు డబ్బును ఖాతాలోనే ఉంచమంటాను. తొందరేం లేదు, అయిదు లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఎలాగూ ఉంది.

శాఖలకు నేనడిగింది పెద్దదేమీ కాదు. యాభై వేలు దాటిన ప్రీమియం ఏదైనా, పల్లె ఖాతాదారు అయితే, సంతకానికి ముందు తెలుగులో ఒక పేజీ కాగితం చేతికివ్వండి, ఒక రోజు ఆగండి. బ్యాంకర్ల మండల స్థాయి కమిటీలో ఈ మాట లేవనెత్తాను. ఒక శాఖ ఒప్పుకుంది. రెండు శాఖలు 'పైనుంచి ఆర్డర్ రావాలి' అన్నాయి. ఒక మేనేజరు, నా పాత సహోద్యోగే, టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి, "అన్నా, రిటైరైనంక నీతులు చెప్పుడు అల్కగనే ఉంటది" అన్నాడు. జవాబు చెప్పలేదు. అందులో నిజం ఉంది.

నేను చేసిన పొరపాటు

ఈ కేసును ఊరూరా ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాను. రెండు నెలలకు ఒక శాఖ నుంచి ఫోన్: "మీ క్యాంపు అయిన తెల్లారే ఆరుగురు ఆడోళ్లొచ్చి 20 రూపాయల బీమా బందు చేయమంటున్నరు సార్."

ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా, 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా. ఏటా మే నెలాఖర్లో ఖాతా నుంచి కోతపడే ఈ రెండూ పేదింటికి దొరికే అగ్గువ రక్షణ. నా కథ విన్నవాళ్లకు 'బీమా అంటే మోసం' అని ఎక్కింది. భయపెట్టే పాఠంతో వచ్చే చిక్కే ఇది, విన్నవాళ్లు దేన్ని వదలాలో దేన్ని పట్టుకోవాలో తేల్చుకోలేక అన్నీ వదిలేస్తారు. మళ్లీ ఆ ఊరికి వెళ్లాను. ఈసారి ఆమెను వెంట తీసుకెళ్లాను. రైతుబీమా లేకపోతే తన అప్పులు తీరేవి కావని ఆమే చెప్పింది. ఆరుగురిలో నలుగురు మళ్లీ ఫారాలు నింపారు. ఒకామె వయసు యాభై దాటినందున 436 స్కీములో కొత్తగా చేరడానికి వీల్లేకపోయింది. అది నా ఖాతాలో రాసుకోవాల్సిన నష్టం. ఇప్పుడు నాలుగు ప్రశ్నలకు ముందు, 20 రూపాయల కాగితం, రెండు లక్షల కాగితం పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను.

మొన్న రైతుబీమా పడిన ఇంకో ఇంటి నుంచి, డబ్బు పడిన మూడో రోజే ఫోనొచ్చింది. పెద్ద కోడలు అత్తను తీసుకుని బ్యాంకుకు వెళ్లి నాలుగు ప్రశ్నలూ అడిగిందట. నెల నెలా ఇంటి ఖర్చుకు కొంత చేతికి రావాలని వాళ్ల కోరిక. అన్నీ విని, పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో నాలుగు లక్షలు పెట్టుకున్నారు.

సాయంత్రం ఆ శాఖ మేనేజరు ఫోన్ చేశాడు.

"బ్యానర్ మేం కట్టాలె, చాయ్ మేం పోయాలె, డిపాజిట్ పోస్టాఫీసుకు పోవాల్నా సార్?"

"వాళ్లు పాలసీలో ఇరుక్కుంటే నీ మీద అర్జీ నేనే రాయాల్సొచ్చేది తమ్మీ."

నవ్వాడో, విసుక్కున్నాడో ఫోన్లో తెలియలేదు. వచ్చే మూడో శుక్రవారం క్యాంపు ఆ శాఖలోనే. కుర్చీలు పంపుతానన్నాడు. నాలుగు ప్రశ్నల కాగితం మాత్రం గోడకు అంటించనివ్వడట, చేతికి పంచుకోమన్నాడు.